పాస్‌వర్డ్ తీసే టూల్: మన విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ టూల్ వాడేవాళ్ళలో ఎక్కువమంది మన రెండు జిల్లాల వాళ్ళే. నెట్ సెంటర్లు నడిపేవాళ్ళు, పలాసలో జీడి ఫ్యాక్టరీల్లో అకౌంట్లు చూసేవాళ్ళు, ఎచ్చెర్లలో చదువుకునే పిల్లలు, ఇలాగ. అడిగినవాటికే మళ్ళీ మళ్ళీ జవాబు చెప్పడం కంటే ఒకచోట రాసేస్తే బాగుంటాదని రాశాను. కొన్నిటికి జవాబు పెద్దదైపోయింది, ఏటీ అనుకోకండి.

అసలు ఈ టూల్ ఏటి చేస్తాది?

ఒక్కటే పని. ఎన్ని అక్షరాలు కావాలో మీరు చెప్తే, అంత పొడవున్న పాస్‌వర్డ్ ఒకటి లాటరీ తీసినట్టు తీసి స్క్రీన్ మీద పెడతాది. దాచిపెట్టదు, ఎవరికీ పంపదు, లాగిన్ అడగదు, ఫోన్ నంబర్ అడగదు. రెండు మోడ్‌లు ఉన్నాయి: ఒకటి అక్షరాల మోడ్ (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపి గజిబిజిగా వస్తాది), రెండోది మాటల మోడ్ (మామూలు తెలుగు మాటలు వరసగా ఇంగ్లీషు అక్షరాల్లో వస్తాయి). ఏది ఎప్పుడు వాడాలో కింద ఉంది.

దానికి టూల్ ఎందుకండీ, నేనే బుర్రలోంచి ఏదో గజిబిజిగా కొట్టేస్తాను కదా?

అందరూ ఇదే అంటారు, ఇదే అసలు సమస్య కూడా. మనిషి బుర్రకి లెక్కాపత్రం లేకుండా ఎంచుకోవడం చేతకాదు. మనవైపు అయితే పేరు, దానికి ఎట్ గుర్తు, దాని తర్వాత 123. పైడితల్లి@123, అరసవల్లి@1985, లేకపోతే పిల్లల పేరు వెనకాల బండి నంబరు. కాస్త తెలివైనవాళ్ళు ఇంగ్లీషు ఏ బదులు @ పెడతారు, ఎస్ బదులు $ పెడతారు, చివర్లో ఆశ్చర్యార్థకం ఒకటి తగిలిస్తారు, ఇవన్నీ దొంగలు వాడే ప్రోగ్రాముల్లో ఎప్పుడో రూల్స్‌గా రాసిపెట్టి ఉన్నాయి. కళ్ళు మూసుకుని కీబోర్డు మీద టకటకా కొట్టామనుకున్నా వేళ్ళు పడేది పక్కపక్క కీల మీదే.

దొంగ మొదట్నుంచీ ఒక్కొక్క అక్షరం మార్చుకుంటూ కూర్చోడు. పాత లీకుల్లో బయటపడ్డ పాస్‌వర్డ్‌ల లిస్టుతో మొదలెడతాడు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ డేటా బయటికి వచ్చేసింది, సుమారు 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు, ఏ ముసుగూ లేకుండా ఉన్నవి ఉన్నట్టు. అందులో అన్నిటికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. ఇన్నేళ్ళయినా ఆ లిస్టు ఇంకా వాడుకలోనే ఉంది, ఎందుకంటే మనుషులు మారలేదు.

కంప్యూటర్ అంటేనే చెప్పింది చెప్పినట్టు చేసే మెషీను కదా, దానికి మాత్రం రాండమ్ ఎక్కడినుంచి వస్తాది?

మంచి ప్రశ్న, రాజాంలో ఇంజనీరింగ్ చదివే ఒక గుంటడు అడిగాడు. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మంచి టూల్‌కీ చెత్త టూల్‌కీ తేడా అంతా ఇక్కడే ఉంది.

ప్రోగ్రామ్ తనంతట తాను రాండమ్ నంబరు పుట్టించలేదు, నిజమే. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్ బయటి ప్రపంచంలోంచి దాన్ని పోగుచేస్తాది. హార్డ్‌వేర్ నుంచి వచ్చే ఇంటరప్ట్‌లు (ఇదిగో పని వచ్చింది అని ప్రాసెసర్‌ని పిలిచే పిలుపులు) సరిగ్గా ఏ క్షణాన వచ్చాయి, ప్రాసెసర్ లోపల ఉండే రాండమ్ సర్క్యూట్ ఏటి ఇచ్చింది, ఇలాంటివన్నీ కలిపి ఒక గుట్టలో వేసి, దాంట్లోంచి క్రిప్టోగ్రఫీ లెక్కలతో ఎంత కావాలంటే అంత రాండమ్ తీసి ఇస్తాది. బ్రౌజర్‌లో దాన్ని అడిగే పద్ధతి పేరు క్రిప్టో డాట్ గెట్ రాండమ్ వాల్యూస్. మా టూల్ అదొక్కటే వాడతాది.

జావాస్క్రిప్ట్‌లోనే మ్యాథ్ డాట్ రాండమ్ అని ఇంకోటి ఉంది. ఆటల్లో బంతి ఎటు ఎగరాలో చెప్పడానికి అది చాలు. పాస్‌వర్డ్‌కి పనికిరాదు, ఎందుకంటే అందులోంచి వచ్చిన నంబర్లు కొన్ని చూస్తే తర్వాత వచ్చేవి లెక్కగట్టేయొచ్చు. నెట్‌లో దొరికే చిన్నాచితకా జనరేటర్లు చాలావాటిలో ఇదే ఉంటాది, చూడ్డానికి రెండిటి ఔట్‌పుట్ ఒకేలాగ గజిబిజిగా ఉంటాది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

అనుమానం రాదు అంటే చిన్నవాళ్ళకే కాదు, పెద్దవాళ్ళకీ రాలేదు. 2006లో డెబియన్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, రహస్య తాళాలు తయారుచేసే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏదో వార్నింగ్ వస్తోందని కోడ్‌లో రెండు లైన్లు తీసేశారు, దాంతో రాండమ్‌కి మిగిలింది ప్రాసెస్ నంబరు (నడుస్తున్న ఒక్కో ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే. ఆ నంబరు 32,768 దాటదు. అంటే ఒక రకం మెషీన్ మీద ఒక సైజు తాళాలు ఎన్ని తయారుచేసినా అందులో వేరువేరువి 32,768 లోపే. 2008 మే వరకు ఎవరూ కనిపెట్టలేదు. ఇంకోటి, 2021లో బయటికి చెప్పారు, కాస్పర్‌స్కీ కంపెనీ పాస్‌వర్డ్ మేనేజర్‌లో (పాస్‌వర్డ్‌లన్నీ ఒకచోట దాచే యాప్) జనరేటర్ కంప్యూటర్ గడియారంలో ఉన్న సెకన్ల లెక్కతో మొదలయ్యేది. ఒకే సెట్టింగ్‌తో ఇద్దరు ఒకే సెకన్లో బటన్ నొక్కితే ఇద్దరికీ ఒకే పాస్‌వర్డ్. ఏడాదికి ఉన్న సెకన్లు 3 కోట్ల 15 లక్షల చిల్లర, మీరు అకౌంట్ ఏ ఏడు తెరిచారో తెలిస్తే అన్నీ వేసి చూడ్డానికి దొంగకి ఎంతోసేపు పట్టదు. తర్వాత సరిచేశారు, అది వేరే సంగతి.

అన్ని అక్షరాలకీ సమానంగా ఛాన్స్ ఉంటాదా?

ఉంటాది, కానీ దానికదే రాదు, చూసుకుని కోడ్ రాయాలి. కంప్యూటర్ రాండమ్‌ని ఒక్కో బైట్‌గా ఇస్తాది, అంటే 0 నుంచి 255 వరకు 256 విలువలు. మనకి కావలసిన అక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపి 94. బైట్‌ని 94తో భాగించి శేషం తీసుకుంటే సరిపోతాదని చాలామంది అలాగే రాసేస్తారు, కానీ 256 అంటే రెండు 94లు పోగా ఇంకా 68 మిగులుతాయి. దాంతో మొదటి 68 గుర్తులకి మూడేసి ఛాన్సులు, మిగతా 26కి రెండేసి. అన్యాయం కదా. మా టూల్ 188, ఆ పైన వచ్చిన బైట్‌ని పారేసి ఇంకోటి అడుగుతాది. కొంచెం దుబారా, అయినా మీకు కనిపించేంత ఆలస్యం ఉండదు.

ఇక్కడ తీసిన పాస్‌వర్డ్ మీ దగ్గర సేవ్ అయిపోతాదా? నిజం చెప్పండి.

అవ్వదు. నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోండి. పేజీ ఒకసారి ఓపెన్ అయ్యాక ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి బటన్ నొక్కండి, పాస్‌వర్డ్ వస్తాది. లెక్కంతా మీ బ్రౌజర్‌లోనే జరుగుతోందని అర్థం. ఇంకా అనుమానం ఉంటే పేజీని కంప్యూటర్లో సేవ్ చేసుకుని నెట్ తీసేసి వాడుకోండి, కోడ్ తెలిసినవాళ్ళు పక్కన ఉంటే చదివించండి, అంతా కలిపి ఒక్క ఫైలే. ఏ సైట్ అయినా "పాస్‌వర్డ్ తయారుచేసి మీ మెయిల్‌కి పంపుతాం" అంటే అక్కడినుంచి వచ్చేయండి.

ఎన్ని అక్షరాలు పెట్టమంటారు?

16. ఎందుకో తెలుసుకోవాలంటే ముందు దొంగ ఎక్కడ కూర్చుని ప్రయత్నిస్తాడో తెలియాలి. మీ బ్యాంక్ పేజీలో కూర్చుని కోట్లసార్లు కొట్టి చూడలేడు, నాలుగైదు తప్పులకి లాక్ అయిపోతాది. వాడు చేసేది ఏటంటే, ఏదో సైట్‌ని హ్యాక్ చేసి అక్కడి యూజర్ల లిస్టు మొత్తం తన కంప్యూటర్‌కి తెచ్చేసుకుంటాడు. బాధ్యత ఉన్న సైట్లు పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచవు, హ్యాష్ అనే లెక్క చేసి ఆ వచ్చినదాన్ని దాస్తాయి, రుబ్బిన పిండిలోంచి మినపగుళ్ళు మళ్ళీ ఏరలేనట్టు దాంట్లోంచి పాస్‌వర్డ్ వెనక్కి తీయలేరు. అందుకని దొంగ ఒక్కో పాస్‌వర్డ్‌నీ తనే హ్యాష్ చేసి సరిపోయిందా లేదా అని చూస్తాడు, తన ఇంట్లోనే, లాక్ చేసేవాడు ఎవడూ లేకుండా.

ఎండీ5 లాంటి పాత హ్యాష్ అయితే మంచి గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి సెకనుకి 10,000 కోట్లసార్లు పైనే వేసి చూడగలదు. ఆ లెక్కన 94 గుర్తుల్లోంచి తీసిన 8 అక్షరాల పాస్‌వర్డ్‌లు అన్నీ వేసేయడానికి 17 గంటలు. అదే 12 అక్షరాలైతే సుమారు లక్షన్నర ఏళ్ళు. 16 అయితే 12 లక్షల కోట్ల ఏళ్ళు, ఇంక దాని గురించి మాట్లాడుకోవడం దండగ. బీక్రిప్ట్ లాంటి నెమ్మది హ్యాష్ వాడే సైట్లలో ఇంకా ఎన్నో రెట్లు టైం పడతాది, కానీ ఏ సైట్ ఏది వాడుతోందో మనకి బయటికి కనిపించదు కాబట్టి పాతదే అనుకుని పెట్టుకోవాలి. ఇదంతా టూల్ తీసిన పాస్‌వర్డ్‌కే సుమా. మీ ఊరి పేరుతో 16 అక్షరాలు నింపేసి నాదీ 16 అంటే ఈ లెక్క వర్తించదు.

బిట్లలో అడిగేవాళ్ళకి (ఒక్క బిట్ పెరిగితే దొంగ వేసి చూడాల్సినవి రెట్టింపు అవుతాయి): ఒక్కో అక్షరానికి 6.55 బిట్లు, 16కి సుమారు 105.

చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి, పెద్ద ఓ, సున్నా ఏది ఏదో తెలియక చస్తున్నాం.

"తికమక అక్షరాలు తీసేయి" అని టిక్ బాక్స్ ఉంది, అది పెట్టుకోండి. ఆ అయిదూ పోతే 94 కాస్తా 89 అవుతాది, 16 అక్షరాల మీద నష్టం బిట్టున్నర కూడా లేదు.

మా ఆఫీసు సైట్ గుర్తులు ఒప్పుకోదు, ఏటి చెయ్యాలి?

గుర్తులు తీసేసి రెండు అక్షరాలు పెంచండి. అక్షరాలూ అంకెలూ కలిపి 62, ఒక్కోదానికి 5.95 బిట్లు, 18 పెడితే 107 వస్తాది. గుర్తులున్న 16 కంటే ఎక్కువే.

ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండి తీరాలి అనే రూల్ ఎక్కడినుంచి వచ్చిందని చాలామంది విసుక్కుంటారు. 2003లో అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ తరఫున బిల్ బర్ అనే ఆయన రాసిన డాక్యుమెంట్‌తో అది అన్నిచోట్లా పాకింది. 2017లో ఆయనే రిటైర్ అయ్యాక, అందులో చాలావరకు రాసినందుకు చింతిస్తున్నానని పేపర్‌కి చెప్పాడు. అదే ఏడాది నిస్ట్ కొత్త గైడ్‌లైన్స్ ఇచ్చి ఆ రూల్స్ పెట్టొద్దంది. మన దగ్గర సైట్లకి ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

90 రోజులకోసారి మార్చమంటున్నారు, మార్చాలా?

మీ ఇష్టం మీద అయితే అక్కర్లేదు. ఆ 2017 గైడ్‌లైన్స్‌లోనే చెప్పారు, లీక్ అయిందని ఆధారం ఉంటే మార్పించండి, ఊరికే క్యాలెండర్ చూసి మార్పించొద్దు అని. బలవంతంగా మార్పిస్తే జనం చేసేది చివర 1 ఉన్నచోట 2 పెట్టడమే. ఆఫీసు సిస్టమ్ ఒప్పుకోదంటే చేసేదేం లేదు, టూల్‌లో కొత్తది తీసుకోండి, ఒక్క క్లిక్ కదా.

అయ్యా, ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం నావల్ల కాదు.

ఎవరివల్లా కాదు. గుర్తుపెట్టుకోవలసింది రెండో మూడో చాలు: ఫోన్ లాక్, మెయిన్ ఈమెయిల్, పాస్‌వర్డ్ మేనేజర్ మాస్టర్ పాస్‌వర్డ్ (ఆ మేనేజర్‌ని తెరిచేది). మిగతావన్నీ మేనేజర్‌లో పడేయండి. బిట్‌వార్డెన్, కీపాస్ రెండూ ఓపెన్ సోర్సే, డబ్బులు కట్టక్కర్లేదు. మొదటిది క్లౌడ్‌లో దాస్తాది, ఫోన్‌లోనూ కంప్యూటర్లోనూ ఒకేసారి కనిపిస్తాది. రెండోది మీ దగ్గరే ఒక ఫైల్‌గా ఉంటాది, కాపీలు మీరే చూసుకోవాలి.

గుర్తుపెట్టుకోవలసిన ఆ రెండు మూడింటికి మాటల మోడ్ వాడండి. ఈ పద్ధతి కొత్తదేం కాదు, 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన డైస్‌వేర్ అని పెట్టాడు, పాచిక అయిదుసార్లు వేస్తే 7,776 మాటల లిస్టులోంచి ఒక మాట తగులుతాది, అలాగ ఆరు మాటలు. మా లిస్టులో 4,096 తెలుగు మాటలు ఉన్నాయి, ఒక్కో మాటకి 12 బిట్లు, ఆరు మాటలకి 72, ఏడుకి 84. మాస్టర్ పాస్‌వర్డ్‌కి ఏడు పెట్టుకోండి. తాటాకు, గంట, మావిడి, ఉప్పెన, చెంబు, పందిరి, నాగలి ఇలాగ వస్తాయి (ఈ వరస వాడకండి, ఇక్కడ రాసేశాను కదా). వాటితో ఒక పిచ్చి కథ అల్లుకుంటే రెండ్రోజుల్లో నోటికి వచ్చేస్తాది.

ఒక చిక్కు ఉంది. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలాగ రాస్తారు, మావిడిలో "వి"కి ఒకరు వీ పెడితే ఇంకొకరు డబ్ల్యూ పెడతారు. అందుకే టూల్ చూపించిన స్పెల్లింగే ఖాయం చేసుకోండి, మీ అలవాటు స్పెల్లింగ్ వద్దు. ఊళ్ళో అమ్మకో అత్తకో ఫోన్‌లో పాస్‌వర్డ్ చదివి చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా ఈ మోడే మేలు. కొడుకు చెన్నైలోనో గల్ఫ్‌లోనో ఉండి సోంపేటలో ఉన్న తల్లికి "పెద్ద క్యూ, హ్యాష్ గుర్తు, చిన్న జెడ్" అని చెప్తుంటే ఆవిడ ఎక్కడ రాసుకుంటాది చెప్పండి.

అలాగైతే తెలుగు లిపిలోనే పెట్టేసుకోవచ్చు కదా? దొంగకి తెలుగు రాదు.

దొంగ మనూరివాడే కాకూడదని ఎక్కడుంది. సరే, అది పక్కన పెట్టినా ఇబ్బందులు ఉన్నాయి. కంప్యూటర్ తెలుగుని దాచుకునే యూనికోడ్ పద్ధతిలో మామూలుగా ఒక్కో గుర్తుకీ మూడు బైట్లు. "క్షి" అని రాస్తే మనకి ఒక అక్షరం, లోపల క, పొల్లు, ష, గుడి అని నాలుగు, మొత్తం 12 బైట్లు. బీక్రిప్ట్ మొదటి 72 బైట్లే చూస్తాది, అంటే 24 గుర్తుల తర్వాత మీరు ఏం రాసినా చాలాచోట్ల లెక్కలోకి రాదు. ఇంకా ఘోరం, "పై"లో ఉన్న ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు, స్క్రీన్ మీద రెండూ ఒకేలాగ ఉంటాయి, కంప్యూటర్‌కి మాత్రం వేరువేరు. పైడితల్లి అని ఇంట్లో ఫోన్‌లో పెట్టి, ఆఫీసు కంప్యూటర్లో వేరే కీబోర్డుతో అదే కొడితే పాస్‌వర్డ్ తప్పు అంటే ఎవర్ని అడుగుతారు. పైగా కొన్ని కీబోర్డులు మాట మధ్యలో కంటికి కనిపించని గుర్తు కూడా పెడతాయి. సైట్లు వీటిని సరిచేసుకునేదాకా ఇంగ్లీషు అక్షరాలే వాడండి, నాకూ బాధగానే ఉంది.

కాయితం మీద రాసుకోవడం తప్పు కదా?

తప్పని ఎవరు చెప్పారో గానీ అందరి బుర్రలోనూ అది పాతుకుపోయింది. రష్యాలో కూర్చున్న హ్యాకర్ మీ బీరువాలో కాయితం చదవలేడు. ఇంట్లో పెద్దవాళ్ళకి నేను చెప్పేది ఇదే, చిన్న నోట్‌బుక్‌లో రాసి పట్టాదారు పాస్‌బుక్, ఎల్ఐసీ బాండ్లు పెట్టేచోట పెట్టుకోండి. ఎక్కడ రాయకూడదంటే మానిటర్‌కి అంటించిన చీటీ మీద, క్యాలెండర్ వెనకాల, ఏటీఎం కార్డు కవర్ మీద, మీకు మీరే పంపుకున్న వాట్సాప్ మెసేజ్‌లో.

మనది తుఫాన్ల జిల్లా, అది కూడా లెక్కలో ఉండాలి. 2014లో హుద్‌హుద్‌కి, 2018 అక్టోబర్‌లో తిత్లీకి ఉద్దానం వైపు కరెంటు, టవర్లు లేక జనం ఎంత అవస్థ పడ్డారో మర్చిపోలేం. ఫోన్ తడిసి పాడైపోతే దాంట్లో ఉన్న మేనేజర్ కూడా పోయినట్టే, మాస్టర్ పాస్‌వర్డ్, ఈమెయిల్ రికవరీ కోడ్‌లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇంట్లో ఒకటి, నమ్మకమైన చుట్టాలింట్లో ఒకటి ఉంచండి.

నెట్ సెంటర్లో ఈ టూల్ వాడొచ్చా?

పాస్‌వర్డ్ టూల్ తీస్తాది, అది నిజం. కానీ ఆ కంప్యూటర్లో ఎవరు ఏటి పెట్టారో మీకు తెలీదు. కీలాగర్ ఉంటే మీరు కొట్టేదంతా రికార్డు అవుతాది, 16 అక్షరాలా 60 అక్షరాలా అని చూడదు. కాపీ చేసింది క్లిప్‌బోర్డ్‌లో ఉండిపోతాది, విండోస్‌లో హిస్టరీ ఆన్ చేసి ఉంటే విండోస్ కీ, వీ కలిపి నొక్కినవాడికి మీ తర్వాత కూడా కనిపిస్తాది. పాస్‌వర్డ్ పెట్టడం అనే పని మీ ఫోన్‌లోనే చేసుకుని, తప్పనిసరైతేనే అక్కడ లాగిన్ అవ్వండి, ఇంటికొచ్చాక మార్చేయండి.

ఇక నెట్ సెంటర్ నడిపే అన్నయ్యలకి ఒక మాట. కస్టమర్ల యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు లాంగ్ నోట్‌బుక్‌లో రాసి టేబుల్ మీద పెట్టేస్తున్నారు, మళ్ళీ వచ్చినప్పుడు వాళ్ళు మర్చిపోతారని మంచికే చేస్తున్నారు, నాకు తెలుసు. అందరికీ ఒకటే పాస్‌వర్డ్ పెట్టేసేవాళ్ళు కూడా ఉన్నారు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లన్నిటికీ ఒకటే. ఒక్క పిల్లాడికి తెలిస్తే క్లాసు మొత్తం అకౌంట్లు ఓపెన్. తలా ఒకటి టూల్‌లో తీసి, చీటీ మీద ప్రింట్ చేసి వాళ్ళ చేతిలో పెట్టేయండి, మీ దగ్గర కాపీ వద్దు. రేపు ఏదైనా గొడవైతే మీ మీదకి రాకుండా కూడా ఉంటాది.

ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ కూడా ఇందులో తీసుకోవచ్చా?

కుదరదు, అది వాళ్ళే పెట్టేశారు: ఇంగ్లీషులో పేరులోని మొదటి నాలుగు అక్షరాలు పెద్దవి, తర్వాత పుట్టిన సంవత్సరం. అంటే మీ పేరు, వయసు తెలిసిన ఎవరైనా దాన్ని తెరుస్తారు. దాన్ని రక్షణ అనుకోకుండా, ఆ ఫైల్ ఎక్కడ పడితే అక్కడ వదలకుండా చూసుకోండి. నెట్ సెంటర్లో ప్రింట్ తీశాక డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోంచి డిలీట్ చేయించండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.

ఏటీఎం పిన్, యూపీఐ పిన్?

తీసుకోవచ్చు, "అంకెలు మాత్రమే" పెట్టి 4 లేదా 6 ఎంచుకోండి. నాలుగంకెలు అంటే మొత్తం 10,000 ఛాన్సులే, అయినా కొన్ని తప్పులకే బ్లాక్ అయిపోతాది కాబట్టి నడుస్తోంది. అయితే ఆ రక్షణ మీరు పుట్టిన సంవత్సరం పెట్టనంతవరకే. పర్సు కొట్టేసినవాడికి అందులోనే ఆధార్ కార్డు కూడా దొరుకుతాది కదా, మొదట వేసి చూసేది అదే.

ఓటీపీ వస్తోంది కదా, ఇంక పాస్‌వర్డ్ ఎలాగుంటే ఏటి?

ఓటీపీ చాలామంది తామే చదివి చెప్పేస్తున్నారు, బ్యాంక్ నుంచి ఫోన్ అని చెప్తే. సిమ్ మార్పించేసి ఓటీపీ తెప్పించుకునేవాళ్ళూ ఉన్నారు. రెండూ ఉండాలి. ఎస్ఎంఎస్ కంటే ఆథెంటికేటర్ యాప్ మేలు, 30 సెకన్లకోసారి కోడ్ మారుతాది, టవర్ లేకపోయినా పనిచేస్తాది. పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి) ఆప్షన్ ఉన్న సైట్లలో అది ఇంకా మేలు, ఎందుకంటే దొంగ సైట్‌లో అది పనిచెయ్యదు, పాస్‌వర్డ్ అయితే మనం పొరపాటున ఎక్కడైనా కొట్టేస్తాం.

నా పాస్‌వర్డ్ ఇప్పటికే లీక్ అయిందేమో ఎలాగ తెలుస్తాది?

హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అని సైట్ ఉంది, ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా ఆయన 2013 నుంచి నడుపుతున్నాడు. ఈమెయిల్ ఇస్తే ఏయే లీకుల్లో ఉందో చెప్తాది. పాస్‌వర్డ్ కూడా వేసి చూడొచ్చు, వేయొద్దంటారు కదా అని అడక్కండి, అక్కడ మీ పాస్‌వర్డ్ హ్యాష్‌లో మొదటి అయిదు అక్షరాలే బయటికి వెళ్తాయి, వాటితో మొదలయ్యేవన్నీ సైట్ పంపిస్తే మీ బ్రౌజరే అందులో ఉందో లేదో చూసుకుంటాది. అందులో ఉందంటే ఆ పాస్‌వర్డ్ ఇంక ఎక్కడా వాడకండి. ఒకటే పాస్‌వర్డ్ నాలుగు చోట్ల వాడేవాళ్ళకి అసలు దెబ్బ ఇలాగే తగులుతాది. 2012లో లింక్డ్‌ఇన్ నుంచి 65 లక్షల హ్యాష్‌లు బయటికొచ్చాయన్నారు, 2016లో తేలింది అది 11 కోట్ల 70 లక్షలని. ఆ నాలుగేళ్ళూ వేరే చోట్ల అదే పాస్‌వర్డ్ వాడుకుంటూ ఉన్నవాళ్ళు ఎంతమందో.

ఇంకో గుర్తు కూడా ఉంది. ఏ సైట్ అయినా "ఫర్గాట్ పాస్‌వర్డ్" నొక్కితే మీ పాత పాస్‌వర్డ్‌నే మెయిల్లో పంపిందంటే వాళ్ళు హ్యాష్ చెయ్యట్లేదన్నమాట. అక్కడ పెట్టింది ఇంకెక్కడా పెట్టకండి.

ఇంటి వైఫైకి ఎంత పెట్టాలి?

8 నుంచి 63 వరకు పెట్టొచ్చు. మాటల మోడ్‌లో ఆరు మాటలు తీసుకోండి, పండక్కి వచ్చిన చుట్టాలకి చెప్పడానికి వీలుగా ఉంటాది. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ వేరే ఉంటాది, అది చాలా ఇళ్ళలో కేబుల్ అబ్బాయి పెట్టినది పెట్టినట్టే ఉంది, దాన్ని ముందు మార్చండి.

ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే ఒక పాస్‌వర్డ్ ఇచ్చేస్తోంది కదా?

ఇస్తాది. కానీ అది చేసేది ఇలాంటిచోట సాధారణంగా ఏ అక్షరం వస్తాదో ఊహించి రాయడం, లాటరీ తీయడం కాదు. పైగా అది వాళ్ళ సర్వర్లో తయారై మీ చాట్ హిస్టరీలో ఉండిపోతాది. వద్దు.

కంప్యూటర్‌నే నమ్మను అంటే?

చింతపిక్కలు ఉన్నాయా ఇంట్లో? అష్టాచెమ్మాకి ఒకవైపు అరగదీసిన చింతపిక్క తీసుకోండి, గవ్వ అయినా పర్లేదు. అది తెలుపు, నలుపు సమానంగా పడదు, అది మనకి తెలుసు. దానికి 1951లోనే జాన్ వాన్ న్యూమన్ ఉపాయం చెప్పాడు: ఒకే పిక్కని రెండుసార్లు వెయ్యండి, తెలుపు నలుపు వస్తే 0, నలుపు తెలుపు వస్తే 1, రెండూ ఒకటే వస్తే పారేసి మళ్ళీ రెండుసార్లు. పిక్క ఎంత వంకరదైనా వచ్చే 0, 1 సమానంగా ఉంటాయి. అలాగ 12 బిట్లు పోగైతే మా లిస్టులో ఒక మాట తగులుతాది, లిస్ట్‌ని ప్రింట్ తీసుకోవడానికి పేజీ కింద బటన్ ఉంది. ఏడు మాటలకి సాయంత్రం అంతా పడతాది, పిల్లలకి మాత్రం భలే సరదా.

ఇప్పటికే డబ్బులు పోయాయి, ఏటి చెయ్యాలి?

ఇది చదవడం ఆపి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు అవతలి అకౌంట్లో ఆపించడానికి అంత వీలుంటాది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్, బ్యాంక్‌కి ఫోన్. పాస్‌వర్డ్‌లు మార్చేటప్పుడు ఈమెయిల్‌ది మొదట మార్చండి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

జాతకం ప్రకారం నాకు కలిసొచ్చే అంకె 5, పాస్‌వర్డ్‌లో 5 తప్పకుండా వచ్చేలాగ ఆప్షన్ పెట్టండి.

ఇది ఒకరిద్దరు కాదు, చాలామంది అడిగారు. పెట్టను. అంతగా కావాలంటే 5 వచ్చేదాకా బటన్ నొక్కుకోండి. పది తీసి అందులో ఒకటి ఏరుకుంటే పోయేది మహా అయితే 3.3 బిట్లు, 105లో అది పోయినా ఫర్వాలేదు. చూడముచ్చటగా ఉందనో, పేరులా వినిపిస్తోందనో వేలకొద్దీ తీసి ఏరుకోవడం మాత్రం వద్దు, అలా ఏరుకునేకొద్దీ మళ్ళీ మీ బుర్ర ఎంచుకున్నదే అవుతాది.